రవిచంద్ర సార్ గ్లాసు

పూతలపట్టు

ప్రభుత్వం తరఫున ధరల లెక్క రాసుకునే రవిచంద్ర సార్ గారికి, కూడలిలో టీకొట్టు నడిపేవాడు నమస్కరించి రాస్తున్నది.

మూడేళ్లుగా మీరు ప్రతి నెలా వచ్చి, నా దగ్గర టీ తాగి, గ్లాసు పది రూపాయలని రాసుకుని పోతున్నారు. అది అబద్ధం కాదు. ధర పెంచితే బస్సులవాళ్లు ఎదుటి కొట్టుకు పోతారు. అందుకని పాలు, చక్కెర పెరిగినప్పుడల్లా నేను గ్లాసు మార్చాను. తేదీలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఇప్పటి గ్లాసు మొదటిదానిలో సగం. మీకు మాత్రం మర్యాదకొద్దీ పాత పెద్ద గ్లాసులోనే పోస్తూ వచ్చాను. మీకు తేడా తెలియకపోవడం మీ తప్పు కాదు.

నా భార్య పంకజాక్షి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మీలాంటివారు రాసే ధరలను బట్టే అక్కడ కరవు భత్యం పెంచుతారట. ఈసారి చాలా తక్కువ పెరిగింది. అడిగితే మేనేజరు, "టీ ధర కూడా పెరగలేదు కదమ్మా" అన్నాడట. ఆమె నేరుగా కొట్టుకు వచ్చి, "ఆ సారుకు మర్యాద చేసినోడివి నువ్వు, జీతం తెగింది నాకు. ఆ పెద్ద గ్లాసు యాడ పెట్టినావో సూపించు" అంది. చూపించాను.

వచ్చే నెల మీకూ చిన్న గ్లాసే ఇస్తాను. దయచేసి కొలిచి రాసుకోండి. చాలకపోతే రెండోది పోస్తాను, దానికీ పది రూపాయలే. పెద్ద గ్లాసు మాత్రం అడగవద్దు. పనికి పోయే ముందు రోజూ పంకజాక్షి దానిలో తాగుతోంది. డబ్బులివ్వదు. పుస్తకంలో కరవు భత్యం కింద రాస్తున్నాను.