ఎనిమిది అడుగుల లోపు

విజయనగరం, బుధవారం

నాన్నగారికి వందనాలు. ఫోనులో మీకు వినిపించదని కార్డు రాస్తున్నాను. మీ కెమెరా లెన్సుకు పట్టిన బూజు పోదట. అదే రకం ఇక్కడ దొరకలేదు. మర తిప్పి బిగించే వేరే రకం లెన్సుకు రింగు వేసి అమర్చారు, కెమెరాలు బాగుచేసే గణపతిరావు గారు.

"రింగేస్తే లెన్సు ముందుకొచ్చేస్తాదమ్మా. ఎనిమిది అడుగులు దాటితే మసకే. దగ్గరికెళ్లి తియ్యమని సెప్పు" అన్నారు.

ఆదివారం బాప్తిస్మాలు ఏటి మధ్యలో కదా అన్నాను.

"అయితే ముసలాయనకి రెండో బాప్తిస్మం అయిపోతాది!" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫొటో కోసం మీరు నడుము లోతుకైనా దిగిపోతారు. పంపకుండా దాచేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను.

కెమెరా శనివారం తమ్ముడు సత్యరాజు తెస్తాడు. మా అమ్మాయి దీవెనకు ఇంకా పురిటి నొప్పులు రాలేదు, నేను కదలలేను. మీ కాలి వాపు తగ్గిందా? కోళ్లకు నీళ్లు ఎవరు పెడుతున్నారు?

ఒక్కటే వేడుకుంటున్నాను, ఏటిలో దిగకండి. మునిగి లేచినవాళ్లు ఒడ్డుకు వచ్చాక ఎదురుగా నిలబెట్టి తీయండి. తడి ముఖాలు దగ్గర నుంచే బాగుంటాయి. ప్రభువు మీ పాదాలను పొడి నేల మీదే నిలుపును గాక.

మీ కుమార్తె
లీలారాణి