పాత బండికి లారీ హారన్

రొట్టెలు బుట్టల ఉన్నయి, పప్పు ఉట్టి మీద ఉన్నది. చల్లగనే తినుండ్రి. అక్కకు పానం బాగలేదంటే న్యాల్‌కల్ పోతున్న. ఎల్లుండి పొద్దుగాల బస్సుకు వస్త.

రొట్టె చల్లగున్నదని నిన్న మీ అన్న ముందట మొఖం మాడ్చుకున్నరు. తప్పెవరిది? పెండ్లైన కాన్నుంచి మీ మోటర్‌సైకిల్ రబ్బరు హారన్ మలుపు కాడ వినబడంగనే పొయ్యి మీద పెనం పెడుతుంటి. ఆ పాత బండికి కొత్త లైటు పెట్టిన్రు, కొత్త సీటు పెట్టిన్రు, నేనేమన్న అన్ననా? ఇప్పుడు లారీ హారన్ కొననీకి పైసలు చాలక, ఆ రబ్బరు హారన్‌నే పాతసామాను దుకాణంల ఇచ్చి దాన్ని తెచ్చుకున్నరు. మన ఇంటి ముందట దినమంత లారీలే. మీరేదో, లారీ ఏదో నాకెట్ల తెలవాలె?

పాత హారన్ నేనే పోయి అడిగి తెచ్చిన. తలుపు ఎనక మేకుకు తగిలించిన. ఎల్లుండి బస్సు కాడికి అది బిగించుకొని రాండ్రి. లారీ హారన్ మోగితే నేను తిరిగి చూడ.