ముత్యంలాంటి పిల్ల

కిషన్‌బాగ్, సోమవారం

పూజ్యులైన మామగారికి వందనాలు.

పిల్లను చూసి వెళ్తుంటే, "ఫోన్లు వద్దు. మా సోనీ ఎందుకు నచ్చిందో కాగితం మీద రాసి పంపు. చదివినంకనే మాట ఖాయం చేస్త" అన్నారు. బీఏ స్పెషల్ తెలుగు చదివినవాడికి ఇంత సులువైన పరీక్ష ఇంకొకటి ఉండదు. రాస్తున్నాను: సోనీ ముత్యంలాంటి పిల్ల.

జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
జోయెల్

తా.క. ఇంకా రాయగలను. మీరు తట్టుకోలేరని ఆపాను.

బహదూర్‌పురా, బుధవారం

జోయెల్ బాబుకు దీవెనలు.

అప్పుడే మామ అనకు. ముప్పై ఏండ్లు చార్మినార్ కాడ ముత్యాల దుకాణంల కూసున్న. అసలుదాన్ని ముత్యం అంటం. నకిలీదాన్నే 'ముత్యంలాంటిది' అంటం. నా బిడ్డ నకిలీదా? ఇంట్ల మస్తు లొల్లి అయింది.

భిక్షపతి

తా.క. మా ఇంటామె లీలమ్మ అన్నం ముట్టలే. నీ మీద కోపంతోని కాదు, పన్ను నొప్పి. అయినా నీకు తెలవాలె.

కిషన్‌బాగ్, గురువారం

భిక్షపతి గారికి (మామ అనే మాట మింగేసి) వందనాలు.

తప్పు నాది కాదు, ఉపమాలంకారానిది. అది పోల్చి ఊరుకుంటుంది. ఇదే అది అని తెగించి చెప్పే ధైర్యం రూపకానికే ఉంది. కనుక 'లాంటి'ని కొట్టేస్తున్నాను. సోనీ ముత్యమే.

తెగించిన
జోయెల్

తా.క. అత్తమ్మను (అత్తమ్మ అనొద్దని మీరు రాయలేదు) పంటి కింద లవంగం పెట్టుకోమనండి. ఇది అలంకారం కాదు, లవంగమే.

బహదూర్‌పురా, శనివారం

జోయెల్ బాబుకు,

ముత్యమే అంటివి. గుండ్రందా, వంకరదా? తూకమెంత? మా దుకాణంల ముత్యం అన్నోడు వెంటనే అడిగేది ధర. పిల్లకు బేరం పెడుతున్నవా? ఇంకొక్క ఉత్తరం చూస్త. గదీ గిట్లనే ఉంటే వేరే సంబంధం చూసుకో.

భిక్షపతి

తా.క. లవంగం పని చేసింది. నీ రాతల పనికొచ్చింది గదొక్కటే.

కిషన్‌బాగ్, ఆదివారం

అయ్యా,

'వెయ్యి ముత్యాలు ఆమెకు సాటిరావు' అని రాసి, అతిశయోక్తి అని కొట్టేశాను. మీరు వెయ్యీ లెక్కపెట్టమంటారు. నా దగ్గర అలంకారాలు అయిపోయాయి. ఇక చూసింది చూసినట్టు రాస్తాను.

ఆమె చాయ్ తెచ్చింది. అల్లం ఘాటుకు మా బాపు దగ్గితే, "మెల్లగ తాగుండ్రి, ఎవలు గుంజుకుంటలేరు" అంది. మేము వెళ్లేటప్పుడు ఆటో అతను సతాయిస్తుంటే చున్నీ నడుముకు చుట్టి కొట్లాటకు దిగి, "భాయ్, లేజానా హై తో లేజావ్, నఖ్రే నక్కో" అని అతని వేషాలు మాన్పించి మమ్మల్ని ఎక్కించింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోదు. నాకు నచ్చింది. అంతే.

జోయెల్

తా.క. ఏమీ లేదు. అలవాటుగా రాశాను.

బహదూర్‌పురా, మంగళవారం

అల్లుడికి దీవెనలు.

రాత అంటే గిది. చదువుతుంటే పిల్ల కండ్ల ముందర నిలబడ్డది. గని గామె సోనీ కాదు, మా అన్న బిడ్డ స్వీటీ. నా ఇంట్లనే పెరిగింది. చాయ్ తెచ్చేది పెండ్లిపిల్లే అనుకున్నట్టున్నవ్. సోనీ పక్క కుర్చీలనే ఉండె, నువ్వు గటు చూడనే లేదు. ముత్యమంటే ఏ పిల్లకైనా సరిపోతది. గా చాయ్, గా నోరు ఒక్కదానికే.

సోనీ ఫికర్ నీకొద్దు. ఎమ్మెస్సీ సీటొచ్చింది, పెండ్లి తప్పిందని గల్లీ అంత మిఠాయి పంచుతున్నది. స్వీటీ నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నాకియ్యకుండ దాచుకున్నది. ఇగ మామ అను.

మీ మామ
భిక్షపతి

తా.క. స్వీటీ రాయునది: ఆటోవాలాతోని చేసింది కొట్లాట కాదు, మాట్లాడుడు. కొట్లాట మీరింక చూడలే. ఆదివారం రండ్రి.