అన్న నడిపే బండి

క్లినిక్ మేనేజరు గారికి,

డార్విన్ పట్నం నుంచి వచ్చిన మీరు నిన్న మీటింగులో గోడ మీది లెక్కల పటంలో పైకి పాకే ఎర్రగీత చూపించారు. సిఫిలిస్‌తో పుట్టే పసివాళ్ళ లెక్క ఏటేటా పెరుగుతోందనీ, తల్లులు సూదికి రమ్మంటే రారనీ అంటూ, కడుపుతో ఉన్న నా కూతురు డెల్మా వైపు చూశారు.

అది రానని ఎప్పుడంది? ఇళ్ళ నుంచి మనుషుల్ని క్లినిక్‌కి తీసుకొచ్చే మీ బండి నడిపేది దాని అన్న నెల్సన్. మా ఆదివాసుల్లో చెల్లెలి ఒంటి సంగతులు అన్న చెవిన పడకూడదు. మీ నర్సేమో బండిలోంచే, "డెల్మా, బిడ్డకి జబ్బు అంటకుండా సూది వెయ్యాలి, రా!" అని కేకేసింది. నెల్సన్ తల దించుకుని పొదల్లోకి పోయాడు. డెల్మా పెరటి దారిన పరుగెత్తింది. "అన్న వింటుండగా ఆ మాటలేంటమ్మా? సిగ్గుతో చచ్చిపోతున్నా," అని ఏడ్చింది.

బండి ఆడమనిషి చేతికివ్వమని నిరుడే అడిగాను. "చూద్దాంలే ఆంటీ," అన్నారు. మీరు చూస్తూనే ఉన్నారు, గీత పాకుతూనే ఉంది.

ఇవాళ నెల్సన్ బండి తాళాలు నా చాప మీద పెట్టి, చేపలకు పోయాడు. రేపు పొద్దున్నే డెల్మాను, దాని మొగుణ్ణి ఎక్కించుకుని నేనే నడుపుకుంటూ వస్తాను. ఆ జబ్బు దానికి గాలిలోంచి రాలేదు కదా! అడక్కుండా మీ బండి తీశానని పోలీసులను పిలుస్తారో, పిలవరో మీ ఇష్టం. సూదులు మాత్రం రెండు సిద్ధంగా ఉంచండి.

డెల్మా తల్లి