నీ గొంతున్న కంప్యూటర్

ఆదివారం రాత్రి, జమ్మికుంట

మున్నా, నువ్వు పోయి ఏడాదైనా నీ కంప్యూటర్ ఆన్ చేస్తే "అవ్వా, తిన్నవా?" అని నువ్వు రికార్డు చేసిపెట్టిన నీ గొంతే ఈ అమ్మను పలకరిస్తోంది. చదువు కోసం అందులో ఇంకో ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తానని ఈరోజు నీ తమ్ముడు కూర్చున్నాడు. దానికి డిస్కును రెండు పాళ్లు చెయ్యాలట.

"మధ్యల కరెంటు పోతే?" అని అడిగాను.

"మొత్తం తుడుచుకపోతది. ఫ్లాపీలల్ల దాద్దామంటే అన్నీ ఖరాబైనయ్."

"మరి మీ అన్న గొంతురా?"

"నా చదువు పోతే ఫికర్ లేదా నీకు?"

వాడింకా మొదలుపెట్టకముందే ప్లగ్గు పీకేశాను. వాడు అన్నం ముట్టకుండా పడుకున్నాడు. వాడి తప్పేముంది? ఈ పాడు కరెంటు మీదే నా కోపమంతా. రేపు నీ మాట ఒక్కసారి విని, చేసుకోరా అని చెప్పాలనుంది, కానీ...

నువ్వడుగుతావని చెబుతున్నా, నేనూ తినలేదు. నువ్వు మాత్రం అక్కడ కడుపునిండా తిను బిడ్డా.