కొంగు మీద నీలి మచ్చ

14 జూన్ 2021, సోమవారం

రిటైరయ్యాక డైరీ మానేశాను. మళ్ళీ ఎందుకు తెరిచానంటే, ఈ వారంలో నా మనవరాలి చదువు తేలిపోతుంది. ఏ రోజు ఏం చేశామో రాసిపెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

రుచిత ఎనిమిది పాసైంది. సూరత్ లింబాయత్‌లో మా మునిసిపల్ బడి అక్కడితో సరి. తొమ్మిదికి ఒక ట్రస్టు స్కూలు ఉచితంగా సీటిస్తుంది. ఇంట్లో వస్తువులతో చేసిన సైన్సు ప్రయోగాన్ని వీడియో తీసి ఇరవయ్యో తేదీలోగా పంపాలి. సీటు రాకపోతే తల్లి పక్కన కూర్చుని చీరలకు స్టోన్లు అంటించుడే అని నా కొడుకు పరమేశ్ చెప్పేశాడు. మగ్గాలు సగమే నడుస్తున్నయి, నన్నేం జేయమంటవమ్మా, అన్నాడు.

సిరిసిల్లలో నా సర్వీసంతా సైన్సే చెప్పాను. నా మనవరాలు స్టోన్లు అంటించదు.

15 జూన్

ప్రయోగం నేనే నిర్ణయించాను. పిండి పదార్థం మీద అయోడిన్ పడితే ముదురు నీలం అవుతుంది. అయోడిన్ కోసం బెటాడిన్. పరీక్షించేవి అన్నం, ఆలుగడ్డ, పరమేశ్ కార్ఖానా గుడ్డ ముక్క. గుడ్డ ఎందుకని అడిగింది. పడుగుకు గంజి పెట్టందే మగ్గం మీద దారం నిలవదన్నాను. చిన్నప్పుడు మా వాకిలంతా గంజి వాసనే. ముగింపు వాక్యం కూడా రాసిచ్చి బట్టీ పట్టమన్నాను: మూడింటిలోనూ పిండి పదార్థం ఉంది.

16 జూన్

రిహార్సల్. అన్నం నీలం. ఆలుగడ్డ నీలం. గుడ్డ కాలేదు.

17 జూన్, ఉదయం

గుడ్డ ఇవాళా పసుపుగానే ఉంది. బెటాడిన్ పాతదన్నాను. మరి ఆలుగడ్డ ఎట్ల మారింది బాపమ్మా, అంది. చుక్క చిన్నదన్నాను. పెద్దది వేసింది. అదే పసుపు. చివరికి గుడ్డను గంజిలో ముంచి వీడియో తియ్యమన్నాను. గది చీటింగ్ గాదా, అంది. టీచర్ నేనా, నువ్వా అన్నాను.

17 జూన్, సాయంత్రం

నా చీర పాడు చేసింది! సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న తెల్ల నూలు చీర. నిన్ననే గంజి పెట్టాను. కొంగు మీద రూపాయి బిళ్ళంత నీలి మచ్చ.

నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లు తింటూనే చెప్పింది. బెటాడిన్ మంచిగనే ఉంది బాపమ్మా. నీ చీరకు గంజి ఉంది, నీలం అయింది. బాపు గుడ్డకు లేదు, కాలేదు. గంతే. నీది కాటన్, గిది పాలిస్టర్. దీనికి వేరేదేందో పెడ్తరు కావచ్చు.

తర్వాత మచ్చ మీద నిమ్మకాయ పిండింది. మచ్చ పోయింది. విటమిన్ సి అయోడిన్ రంగును తీసేస్తుందని ఫోన్‌లో చూసిందట. ఆ పాఠం నేను ఏటేటా చెప్పిందే. ఒక్కసారీ చేసి చూపించలేదు.

సిరిసిల్ల వాకిలిని తలచుకుని సూరత్ మగ్గానికి జవాబు రాశాను.

20 జూన్

వీడియో తీశారు. అన్నం, ఆలుగడ్డ, మారని గుడ్డ, మారిన చీర, నిమ్మకాయ. నా ముగింపు వాక్యం కొట్టేసి రుచిత తనది చెప్పింది: గుడ్డ గూడ నీలమైతదనుకున్నం, కాలేదు. కోడలు ప్రమీలకు భయం. అన్నీ నీలమైతేనే మార్కులిస్తరేమో అత్తమ్మా, సీటు పోతది, జర ఆలోచించు, అంది. పరమేశ్ ఫోన్ పట్టుకుని నా వైపే చూశాడు.

వచ్చింది వచ్చినట్టే పంపమన్నాను.

2 జూలై, శుక్రవారం

స్కూలు సారు ఫోన్ చేశారు. అనుకున్నది జరగలేదని చెప్పిన పిల్ల ఇదొక్కతేనట. సోమవారం వచ్చి ఎదురుగా చేసి చూపిస్తే సీటు ఇస్తారట. ఆ చీర కూడా తెమ్మన్నారు. పరమేశ్ రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. ప్రమీల స్టోన్ల డబ్బా మూత పెట్టి లేచింది.

ఇక జరగాల్సినవి:

1. బెటాడిన్, నిమ్మకాయ, గుడ్డ ముక్క సంచిలో పెట్టాలి.
2. పరమేశ్ సోమవారం షిఫ్టు మార్చుకోవాలి.
3. చీరకు ఆదివారం గంజి పెట్టాలి. కొంచెం చిక్కగా.
4. అదే కట్టుకుని వెళ్ళాలి. సారు ముందు కొంగు చాపాలి.
5. అక్కడ నేను నోరు తెరవకూడదు.