మబ్బుల పైన గంధకం

ప్రియమైన అక్కా,

నీ తమ్ముడు బతికే ఉన్నాడు. మా కొండే నెల నుంచి కుదురుగా ఉండనివ్వడం లేదు. అది ఎంత వాయువు వదులుతోందో రోజూ కొలిచి రాయడమే కదా నా ఉద్యోగం. అసలు అగ్నిపర్వతం ఎలా పుడుతుందిరా అని అడిగావు. సముద్రం అడుగునున్న నేల పలక మా నేల కిందికి దూరుతుంది. దాంతో నీళ్లూ పోతాయి. ఆ నీళ్లకి లోపలి రాయి కరిగి, తేలికై పైకొస్తుంది. దారి దొరికిన చోట బయటపడి పేరుకుపోతుంది. అంతే.

పేలినా బూడిద మా చుట్టుపక్కలే పడుతుంది. అమ్మ ఏరి ఏరి నిలబెట్టిన బంగాళాదుంప విత్తనం నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు కదా, అందుకే చెబుతున్నా. నిశ్చింతగా నాటుకో.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

అంతేనట! పలక దూరడమంటే పిల్లి వంటింట్లోకి దూరడమా? నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ బావ, "వీడికి ఎప్పుడో పెళ్లి చేయాల్సింది" అన్నారు.

అటక మీద విత్తన దుంపలు మొలకలేస్తున్నాయి. నెలన్నరలో నాటేస్తాం. ఈ చలిలో ఏడాదికి ఒక్క పంటే మాకు. కొండ పేలితే పరుగెత్తు, కొలుస్తూ కూర్చోకు.

మీ అక్క

అక్కా,

పేలింది. నేను క్షేమం. కానీ నీకు తప్పు చెప్పాను. బూడిద గురించే ఆలోచించాను, అది రాలిపోతుంది. గంధకపు వాయువు రాలలేదు. వాన కడగలేనంత ఎత్తుకి, మబ్బుల పైకి పోయింది. అక్కడ సన్నటి తుంపరగా మారి ఎండని వెనక్కి కొడుతుంది. గాలి దాన్ని ఊళ్లన్నిటి మీదా పరుస్తుంది. ఈ వేసవి చల్లబడుతుంది. వచ్చే వేసవీ బహుశా అంతే. మీ దగ్గర నడివేసవిలోనే మంచు పడొచ్చు.

నాటొద్దు అక్కా! ఫోన్లు పనిచేయడం లేదు. బూడిదకి విమానాలు ఆపేశారు. ఈ ఉత్తరం ఓడలో వస్తోంది, ఎప్పటికి చేరుతుందో ఏమో.

తమ్ముడు

ప్రియమైన అక్కా,

నాలుగు నెలలైంది, ఫోన్లు ఇంకా కలవడం లేదు, నీ జవాబూ లేదు. సాయంత్రాలు అందరూ బయటికొచ్చి ఆకాశం ఎంత ఎర్రగా ఉందో అని మురిసిపోతున్నారు. ఆ ఎరుపు మబ్బుల పైనున్న గంధకపు తుంపరదేనని తెలిసి నాకు ఒళ్లు మండుతోంది. కొలవడం తప్ప నా చేతిలో ఏముంది? నా ఉత్తరం ఆలస్యమై ఉంటే ఆ పాపం నాదే. తిట్టడానికైనా ఒక్క ముక్క రాయి.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం నాటడానికి ఆరు రోజుల ముందే అందింది. ఇన్నాళ్లూ రాయడానికి చెయ్యి రాలేదు.

అది చదివి నేనూ మీ బావా అటకెక్కి కూర్చున్నాం. ఒక్కో మొలక వేలెడు. మొలకలొచ్చిన దుంప ఇంకో ఏడాది ఆగుతుందా, పిచ్చోడా? నాటకపోతే అక్కడే కుళ్లుతుంది. తెలిసి తెలిసీ నాటాం. పూత మీదుండగా మంచు పడింది. దుప్పట్లు, పరదాలు, చివరికి మీ బావ కోటు కూడా కప్పాం. తెల్లారేసరికి ఆకంతా నల్లబడింది. ఎవరిని తిట్టాలో తెలియక పాపం ఆ కోటునే తిట్టాను. నువ్వేం తప్పు చేయలేదురా.

నిన్న తవ్వితే గోలీలంత దుంపలు గంపెడు కూడా రాలేదు. చలికాలం దాటేదాకా దాచి మళ్లీ నాటుదామన్నారు మీ బావ. నీ ఉత్తరం తీసి ఇంకోసారి చదివాను. వచ్చే వేసవీ బహుశా అంతే అని రాశావు. ఇంట్లో పిల్లల ఆకలికి బహుశా లేదు. మొదటిసారి నీ మాట వినలేకపోయాను, ఈసారి విన్నాను. అమ్మ విత్తనమని చూడకుండా అన్నీ ఉడకబెట్టేశాను.

చిన్నది గిన్నె నాకి, "ఇంకా ఉన్నాయా అమ్మా?" అంది. లేవని చెప్పాను.

మీ అక్క